వంతెన కింద చేపకూ దారి కావాలి

జర్మనీలో కొన్నేళ్లుగా ఏ పత్రిక తిరగేసినా వంతెనల గొడవే. 2021 డిసెంబరులో ఏ-45 ఆటోబాన్ మీది రామెడె వంతెనను ఉన్నట్టుండి మూసేశారు. 2024 సెప్టెంబరు 11న డ్రెస్డెన్‌లో కరోలా వంతెనలో ఒక భాగం తెల్లవారకముందే ఎల్బె నదిలో కూలింది. మా ఆకెన్‌కూ ఈ బాధ తప్పలేదు. ఊళ్లోకి వచ్చే ఏ-544 మీద హార్‌బాఖ్ అనే వాగు లోయను దాటించే వంతెన పాతబడిపోయి, దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. ఆఫీసులో కాఫీ దగ్గర, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, పిల్లల్ని స్కూల్లో దించి వచ్చేటప్పుడు అందరి మాటా ఒకటే: ఏ దారిలో వెళ్తే ఎంతసేపు పడుతుంది?

2025 మార్చిలో జర్మనీ పార్లమెంటు మౌలిక వసతుల కోసం 50,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధికి ఆమోదం తెలిపింది. దాన్ని పన్నెండేళ్లలో ఖర్చు పెట్టాలి. ఇందులో రోడ్లు, రైళ్లు, వంతెనలకు పెద్ద వాటా వెళ్తుంది. పెద్ద వంతెనల గురించి టీవీలో చర్చలు జరుగుతాయి. చిన్న వంతెనలు, కల్వర్టులు, తూముల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వాటి కింద పారే వాగు గురించి, ఆ వాగులో బతికే చేప గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ.

ఒక కల్వర్టు కడితే యాభై, ఎనభై ఏళ్లు కదలదు. ఇప్పుడు కట్టేది ఎలా కడతారన్నదాన్ని బట్టి ఈ శతాబ్దమంతా ఆ వాగు బతుకు తేలిపోతుంది. అందుకే దీని గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఈ లెక్క ఆకెన్‌కు ఎంత వర్తిస్తుందో, విజయవాడకూ సియాటిల్‌కూ అంతే వర్తిస్తుంది.

నీళ్ల పేరున్న ఊరు, నీళ్లు కనిపించని ఊరు

ఆకెన్ అన్న పేరే నీటిని సూచించే పాత జర్మానిక్ మాట నుంచి వచ్చిందంటారు. రోమన్లు వేడినీటి ఊటల కోసం ఇక్కడ స్థిరపడ్డారు. బుర్ట్‌షైడ్ పేటలో ఊటనీళ్లు 70 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో పైకి వస్తాయి. ఊరి మధ్యలో వీధుల పేర్లు చూడండి: అన్నున్‌షియాటెన్‌బాఖ్, ఔగుస్టీనర్‌బాఖ్. బాఖ్ అంటే వాగు. కానీ ఆ వీధుల్లో నడిచేవాళ్లకు వాగు కనపడదు. మహా అయితే ఒకటి రెండు చోట్ల అలంకారంగా చిన్న రాతి కాలువలో నీళ్లు పారుతుంటాయి. అసలు వాగులు ఊరి కింద సొరంగాల్లో, పైపుల్లో పోతున్నాయి. యోహానిస్‌బాఖ్, పౌబాఖ్, వుర్మ్ అన్నీ అంతే.

వుర్మ్ ఊరి అడవి అంచున పుట్టి, నగరం కింద చీకట్లో చాలా దూరం ప్రయాణించి, ఊరి ఉత్తరాన మళ్లీ వెలుగు చూస్తుంది. ఆ తర్వాత అది రూర్ నదిలో కలుస్తుంది. ఇది బొగ్గు గనుల రూర్ ప్రాంతానికి పేరిచ్చిన నది కాదు. బెల్జియం ఎత్తుల్లో పుట్టి, జర్మనీలో పారి, నెదర్లాండ్స్‌లోని రోర్మొండ్ దగ్గర మాస్ నదిలో కలిసే చిన్న రూర్. ఊరి దక్షిణాన కోర్నెలీమ్యున్‌స్టర్ మీదుగా వెళ్లే ఇండె నదిదీ అదే దారి. ష్టోల్‌బెర్గ్‌లో ఫిష్ట్ వాగును కలుపుకొని, ఎష్‌వైలర్ దాటి, యూలిష్ దగ్గర రూర్‌లో పడుతుంది.

అంటే మా పేట వాగులో ఉన్న చేపకు, మాస్ నది మీదుగా ఉత్తర సముద్రం దాకా లెక్క ప్రకారం దారి ఉంది. లెక్క ప్రకారమే. వాస్తవంలో ఆ దారిలో ఎన్ని అడ్డుకట్టలు, ఎన్ని తూములు, ఎన్ని కాంక్రీటు మెట్లు! వృత్తిరీత్యా నేను నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. రెండు సర్వర్ల మధ్య వంద లింకులుంటే, తొంభై తొమ్మిది బాగున్నా ఒక్కటి తెగితే డేటా అవతలికి పోదు. నదిలో అయితే పరిస్థితి ఇంకా కష్టం. పక్క దారి ఉండదు. ఒక్క చోట దారి మూస్తే పైనున్నదంతా చేపకు లేనట్టే.

జానెడు మెట్టు చాలు

ఇంత చిన్న కల్వర్టు చేపను ఎలా ఆపుతుందని అడగవచ్చు. నాలుగు రకాలుగా ఆపుతుంది.

మొదటిది, దిగువ మెట్టు. పైపులోంచి వేగంగా వచ్చే నీరు బయట నేలను కోసుకుంటూ పోతుంది. కొన్నేళ్లకు పైపు అంచు గాల్లో తేలి, నీళ్లు జలపాతంలా కింద పడతాయి. పోలవరం డ్యామంత ఎత్తు అక్కర్లేదు. ఐఫెల్ కొండ వాగుల్లో గ్రొప్పె అనే చిన్న చేప ఉంటుంది. పొడవు పది పదిహేను సెంటీమీటర్లు. దానికి గాలితిత్తి ఉండదు. నేలను అంటుకొని రాళ్ల మధ్య పాకుతూ బతుకుతుంది. ట్రౌట్‌లాగా ఎగిరి దూకలేదు. దానికి జానెడు మెట్టు అంటే కోట గోడే.

రెండోది, వేగం. సహజమైన వాగులో రాళ్లు, వేళ్లు, మలుపులు ఉంటాయి. చేప ఒక రాయి వెనక ఆగి ఊపిరి తీసుకొని, ఇంకో రాయి దాకా ఈదుతుంది. నున్నటి కాంక్రీటు పైపులో ఆగడానికి చోటే లేదు. మొదలుపెడితే అవతలి కొస దాకా ఒక్క ఊపున ఈదాలి. ఇరవై మీటర్ల పైపు చాలా చేపల శక్తికి మించిన పని.

మూడోది, లోతు. ఎండాకాలంలో వెడల్పాటి కాంక్రీటు చదును మీద నీరు పల్చగా పరుచుకుంటుంది. రెండు వేళ్ల లోతు నీళ్లలో చేప సగం ఒళ్లు బయటపెట్టి ఈదలేదు.

నాలుగోది, కింద నేల లేకపోవడం. ఇసుక, గులకరాళ్లు లేని చోట నీటి పురుగులు బతకవు. అవి లేకపోతే చేపకు తిండి లేదు. కొన్ని జీవులు పొడవాటి చీకటి సొరంగంలోకి అడుగు పెట్టడానికే వెనకాడతాయి.

ఒక్కో కల్వర్టు చిన్నదే. అన్నీ కలిపితే? యూరప్ పరిశోధకులు ఆంబర్ అనే ప్రాజెక్టులో 36 దేశాల లెక్కలు తీశారు. కాగితాల మీది వివరాలతో సరిపెట్టుకోకుండా దాదాపు 2,700 కిలోమీటర్ల మేర నదుల వెంట నడిచి చూశారు. 2020 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: యూరప్ నదుల మీద కనీసం 12 లక్షల అడ్డంకులు ఉన్నాయి, కిలోమీటరుకు సగటున 0.74. వాటిలో 68 శాతం రెండు మీటర్ల ఎత్తు కూడా లేనివి. పేరున్న పెద్ద డ్యాములకంటే పేరులేని చిన్న కట్టడాలే ఎక్కువ చోట్ల నదిని ముక్కలు చేస్తున్నాయన్నమాట.

2021 జులై నేర్పిన పాఠం

చేప సంగతి అందరికీ పట్టదు. వరద సంగతి పడుతుంది. ఈ రెండూ ఒకే రంధ్రంలోంచి పోతాయని 2021 జులై 14, 15 తేదీల్లో ఇక్కడ అందరూ చూశారు.

ఆ రెండు రోజుల వానకు ఇండె, ఫిష్ట్ పొంగి కోర్నెలీమ్యున్‌స్టర్, ష్టోల్‌బెర్గ్, ఎష్‌వైలర్ వీధులను ముంచేశాయి. ఎష్‌వైలర్ ఆసుపత్రి ఖాళీ చేయాల్సి వచ్చింది. మాకు తూర్పున ఆర్ లోయలో నూట ముప్పై మందికి పైగా చనిపోయారు. అక్కడ నష్టం అంత పెరగడానికి ఇంజినీర్లు చెప్పిన కారణాల్లో వంతెనలు ఒకటి. కొట్టుకొచ్చిన చెట్లు, కార్లు, కంచెలు, చెత్త ఇరుకైన వంతెన కమానుల్లో ఇరుక్కొని వంతెనే ఆనకట్టగా మారింది. నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లోకి మళ్లాయి. అడ్డు తెగిన చోట నీరు ఒక్క ఉదుటున దిగువకు దూకింది.

అదే రోజుల్లో ఇంకో వింత జరిగింది. ఇండెన్ లిగ్నైట్ గని కోసం 2005లో ఇండె నదిని పాత దారి నుంచి తప్పించి కొత్త పాయ తవ్వి మళ్లించారు. వరదకు నది కట్ట తెంచుకొని తన పాత దారి పట్టుకొని సూటిగా గనిలోకి దూకింది. మన పెద్దలు ఏరు తన దారి మరవదని అంటారు కదా. పదహారేళ్ల తర్వాత కూడా ఇండె మరవలేదు.

ఇందులో చేపకూ మనిషికీ ఉమ్మడి లాభం ఒకటి ఉంది. చేప కోసం కట్టే కల్వర్టు ఎలా ఉండాలి? వాగు సహజ వెడల్పు కంటే కాస్త ఎక్కువ వెడల్పు. అడుగు భాగాన్ని నేలలోకి దించి, దాని మీద ఇసుక, గులకరాళ్లు పరిచి, వాగు తన నేల మీదే పారుతున్నట్టు చేయడం. వీలైతే అడుగు లేని కమాను. రెండు పక్కలా కొంచెం పొడి గట్టు, అక్కడ చిన్న జంతువులు కూడా రోడ్డెక్కకుండా దాటిపోతాయి. అమెరికా అటవీశాఖ ఇంజినీర్లు ఈ పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నారు. ఇలాంటి కల్వర్టులో చెత్త ఇరుక్కోదు, వరద నీరు సాఫీగా పోతుంది, దిగువన నేల కోతకు గురికాదు. చేప కోసం పెట్టిన ఖర్చు వరద బీమా లాంటిది.

చట్టం ఉంది, గడువూ ఉంది

యూరోపియన్ యూనియన్ 2000 డిసెంబరులో నీటి విధాన చట్టం అమల్లోకి తెచ్చింది. నదులు, చెరువులు, భూగర్భ జలాలు 2015 నాటికి మంచి స్థితికి రావాలన్నది దాని లక్ష్యం. కాకపోతే ఆరేసి ఏళ్ల చొప్పున రెండుసార్లు వాయిదాలకు వీలిచ్చారు. ఆ చివరి గడువు 2027. జర్మనీలో పర్యావరణపరంగా మంచి స్థితిలో ఉన్న నదీ భాగాలు నూటికి తొమ్మిది. పావు శతాబ్దం గడిచినా పరిస్థితి ఇది. దీనికి ముఖ్య కారణాల్లో ఎరువుల మురికితో పాటు, నది ముక్కలు ముక్కలు కావడం కూడా ఉంది.

2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరప్ ప్రకృతి పునరుద్ధరణ చట్టం ఇంకో లక్ష్యం పెట్టింది: 2030 నాటికి కనీసం 25,000 కిలోమీటర్ల నదులు స్వేచ్ఛగా పారాలి. పనులు మొదలయ్యాయి కూడా. యూరప్ మొత్తం మీద 2022లో 325, 2023లో 487, 2024లో 542 అడ్డుకట్టలు తొలగించారు. మంచి వార్తే. అయితే 12 లక్షల ముందు 542 పెట్టి చూస్తే ఎంత దూరం నడవాలో తెలుస్తుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది? డబ్బు ఒక్కటే కారణం కాదు. ఆకెన్ చుట్టుపక్కల ఒకే వాగు మీద నాలుగు కట్టడాలుంటే నలుగురు యజమానులు. ఊరి రోడ్డు కింద తూము నగరానిది. పెద్ద రోడ్డు కింద కల్వర్టు రాష్ట్ర రోడ్ల శాఖది. ఆటోబాన్ వంతెన కేంద్ర సంస్థది. రైలు కట్ట డాయిచ బాన్‌ది. వాగు నిర్వహణ మాత్రం డ్యూరెన్ కేంద్రంగా పనిచేసే వాసర్‌ఫెర్బాండ్ ఐఫెల్-రూర్ అనే జల సంఘానిది. అనుమతులు ఇచ్చే కార్యాలయాలు మళ్లీ వేరు. వాగు పుట్టేది బెల్జియంలో అయితే దేశమే మారుతుంది. ఒకరు తమ తూము బాగు చేసి, రెండు వందల మీటర్ల పైన ఇంకొకరు చేయకపోతే పెట్టిన ఖర్చుకు ఫలితం సున్నా. సాఫ్ట్‌వేర్ టీముల్లో ఇది మనకు కొత్త కాదు. ఎవరి మాడ్యూల్ వాళ్లది బాగానే పనిచేస్తుంది. కలిపితేనే పనిచేయదు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. వంతెనల సంక్షోభం తర్వాత ప్రభుత్వం అనుమతుల ప్రక్రియను వేగవంతం చేస్తోంది. పాత వంతెన స్థానంలో కొత్తది కట్టేటప్పుడు నిబంధనలు సడలిస్తోంది. రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే నాకు ఆ తొందర అర్థమవుతుంది. పెద్ద వంతెన విషయంలో అది సమంజసం కూడా, ఎందుకంటే లోయను దాటే వంతెన కింద వాగు ఎటూ స్వేచ్ఛగానే పారుతుంది. తొందర వల్ల ప్రమాదం చిన్న కట్టడాలకు. పాత పైపు తీసి అదే కొలతల కొత్త పైపు పెట్టడం అన్నిటికంటే సులువైన పని. డ్రాయింగు సిద్ధం, అనుమతి సులువు, ఖర్చు తక్కువ. అలా చేస్తే 1960లలో జరిగిన పొరపాటును 2020లలో కొత్త సిమెంటుతో మళ్లీ చేసినట్టే. తవ్విన గుంత ఎలాగూ తవ్వారు, రోడ్డు ఎలాగూ మూశారు, కూలీలు, క్రేన్లు ఎలాగూ వచ్చాయి. ఆ రోజున వెడల్పు పెంచడానికి అయ్యే అదనపు ఖర్చు, పదేళ్ల తర్వాత చేప కోసమే మళ్లీ తవ్వితే అయ్యే ఖర్చులో చిన్న భాగం.

అన్నీ తెరవాలా?

అడ్డంకులన్నీ కొట్టేయమని చెబితే మాత్రం అది తొందరపాటు. ఐఫెల్ వాగుల్లో ఈ ప్రాంతానికే చెందిన ఎడెల్‌క్రెప్స్ అనే మంచినీటి పీత జాతి జీవి ఉంది. మన రొయ్యకు దూరపు చుట్టం అనుకోండి. అమెరికా నుంచి తెచ్చి వదిలిన సిగ్నల్ క్రేఫిష్ తనతో ఒక వ్యాధిని తెచ్చింది. దానికి ఆ వ్యాధి సోకినా ఏమీ కాదు. స్థానిక జీవికి సోకితే వాగు వాగే ఖాళీ అవుతుంది. కొన్ని ఎగువ వాగుల్లో మిగిలిన ఎడెల్‌క్రెప్స్‌ను కాపాడుతున్నది దిగువన ఉన్న పాత తూమే. దాన్ని తెరిస్తే శత్రువుకు తలుపు తీసినట్టు. అలాంటి చోట్ల అడ్డు ఉంచడమే సంరక్షణ.

కాబట్టి లెక్క వేసి, వరస పెట్టి చేయాలి. ఏది తెరిస్తే ఎక్కువ కిలోమీటర్ల వాగు అందుబాటులోకి వస్తుంది? దిగువన దారి ఇప్పటికే తెరిచి ఉందా? ఏది ఎలాగూ మరమ్మతుకు వచ్చింది? ఏది తెరిస్తే ప్రమాదం? ఇది కంప్యూటర్ సైన్సులో చదువుకున్న గ్రాఫ్ సమస్యే. మా ఊరి ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయంలో జలవనరుల ఇంజినీరింగుకు పేరున్న విభాగం ఉంది. అక్కడ మన తెలుగు విద్యార్థులకూ కొదవ లేదు. అందరూ డేటా సైన్సు, ఆటోమొబైల్ అంటూ వెళ్తున్న చోట, ఈ పనికి కూడా నాలుగు బుర్రలు కావాలి.

ఇదే విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు ఓటో ఇంట్సే అనే ప్రొఫెసర్ పాఠాలు చెప్పాడు. ఆయన రూపొందించిన ఉర్ఫ్ట్ డ్యాము 1905లో పూర్తయింది. అప్పట్లో యూరప్‌లో అంత పెద్దది లేదు. మన గోదావరి జిల్లాలకు కాటన్ ఎలాగో ఇక్కడి డ్యాములకు ఇంట్సే అలాగ. వాళ్ల లెక్కల్లో నీళ్లున్నాయి, పంటలున్నాయి, కరెంటు ఉంది. చేప లేదు. ఆ కాలానికి అది తెలియక జరిగిందని సరిపెట్టుకోవచ్చు. మన కాలానికి ఆ సాకు లేదు.

సియాటిల్ వాళ్లకు ఇది ఇంటి సంగతే

బెల్‌వ్యూ, రెడ్‌మండ్, ఇసాక్వా ప్రాంతాల్లో ఉండే మన తెలుగు కుటుంబాలు ఈ కథను ఇంకా దగ్గర నుంచి చూస్తున్నాయి. అక్కడ రోడ్డు కింద తూము సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1850లలో ఆదివాసీ తెగలు తమ భూములను అప్పగిస్తూ చేసుకున్న ఒప్పందాల్లో, తమకు అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కును మాత్రం అట్టే పెట్టుకున్నాయి. 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఆ హక్కును గట్టిపరిచింది. తర్వాత ప్రశ్న ఇంకో అడుగు వేసింది: పట్టుకునే హక్కు ఉండి, చేపే రాకపోతే ఆ హక్కుకు అర్థమేమిటి? 2001లో తెగలు వాషింగ్టన్ రాష్ట్రం మీద దావా వేశాయి. రాష్ట్రం తన రోడ్ల కింద కట్టిన కల్వర్టులు సాల్మన్ చేపల దారి మూస్తున్నాయని వాదించాయి. 2013లో ఫెడరల్ కోర్టు, 2030 నాటికి అడ్డుపడిన ఆవాసంలో 90 శాతాన్ని తెరవాలని ఆదేశించింది. 2018 జూన్‌లో సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు నలుగురికి నలుగురు చీలిపోవడంతో కింది తీర్పు నిలిచింది. అప్పటి నుంచి ఆ రాష్ట్రం వందల కోట్ల డాలర్లు ఖర్చు పెడుతోంది. మీ ఆఫీసు దారిలో నెలల తరబడి రోడ్డు మూసి, చిన్న వాగు మీద పెద్ద వంతెన కడుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

అక్కడా ఒక విమర్శ ఉంది. కోర్టు తీర్పు రాష్ట్రం కట్టడాలకే వర్తిస్తుంది. అదే వాగు మీద కౌంటీలు, నగరాలు, ప్రైవేటు వాళ్ల తూములు అలాగే ఉంటే, కోట్లు పోసి తెరిచిన చోటికి చేప చేరేదెలా? ఆకెన్‌లో నలుగురు యజమానుల సమస్య, సియాటిల్‌లోనూ అదే. కోర్టు గెలిచినా, డబ్బున్నా, వాగును మొత్తంగా చూసేవాడు లేకపోతే పని సగమే.

మన వాగుల సంగతి

ఇదంతా చదివి, మన దగ్గర మనుషుల దారులకే దిక్కు లేదు, చేపల దారులు ఎవరిక్కావాలి అనుకునేవాళ్లుంటారు. 2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తు చేసుకుంటే చాలు. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. మనలో ఎంతమంది ఇక్కడి నుంచి రాత్రంతా ఫోన్లు చేస్తూ, అమ్మానాన్నల మేడ మీదికి మంచినీళ్లు చేరాయో లేదో కనుక్కుంటూ కూర్చున్నారో నాకు తెలుసు. బుడమేరు కొల్లేరుకు వెళ్లాల్సిన ఏరు. దాని దారి ఇరుకైతే కొల్లేరు చేపకూ నష్టమే, సింగ్‌నగర్ మనిషికీ నష్టమే.

పల్లెల్లో పుట్టినవాళ్లకు తొలకరి వానలకు చేపలు ఎదురెక్కడం తెలియంది కాదు. చెరువు అలుగు పారుతుంటే, పొలం కాలువల్లోకి, వాగుల్లోకి పరిగెలు, జెల్లలు, కొర్రమీనులు గుడ్లు పెట్టడానికి పైకి వచ్చేవి. పిల్లలు గంపలు, పాత చీరలు పట్టుకొని పరిగెత్తేవాళ్లు. కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువుల గొప్పతనం అదే. ఒక చెరువు అలుగు ఇంకో చెరువుకు వాగు. నీటికి దారి ఉంటే చేపకూ దారి ఉన్నట్టే. ఇప్పుడు ఆ వాగు మీద నాలుగు వరసల రోడ్డు, దాని కింద రెండు హ్యూమ్ పైపులు, కింద కాంక్రీటు చదును, దిగువన మోకాలెత్తు గుంత. ఆ పైన ఒక చెక్‌డ్యాం. చెరువులో ప్రతి ఏటా చేపపిల్లలను వదలడానికి డబ్బు ఖర్చు పెడతాం. అవి వాటంతట అవే రావడానికి ఉన్న దారిని మాత్రం మూసేస్తాం.

పెద్ద ఉదాహరణ గోదావరి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. అంత ఖరీదు ఎందుకైంది? సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చే ఆ చేపకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుపడింది. ఇప్పుడు దాని స్థానంలో కాటన్ బ్యారేజీ ఉంది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది, దాన్ని తప్పుపట్టే దమ్ము ఏ గోదావరి బిడ్డకూ ఉండదు. కానీ 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే బ్రిటిష్ అధికారి, దేశంలోని మంచినీటి చేపల మీద రాసిన నివేదికలో నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టల వల్ల చేపలకు జరుగుతున్న నష్టాన్ని ఎత్తిచూపాడు. నూట యాభై ఏళ్లు దాటాయి. ఆ మాట ఇంకా ఇంజినీరు టేబుల్ మీదికి రావాల్సే ఉంది.

మన దేశంలో చిన్న వంతెనలు, కల్వర్టులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలున్నాయి. ఆరు మీటర్ల లోపు అయితే కల్వర్టు, అరవై మీటర్ల లోపు అయితే చిన్న వంతెన అంటారు. ఆ లెక్కలన్నీ నీరు ఎంత పోవాలన్నదాని చుట్టూ తిరుగుతాయి. అందులో ఇంకో ప్రశ్న చేర్చాలి: ఈ నీటిలో ఏం బతుకుతుంది, అది పైకి ఎలా వెళ్తుంది? చేర్చడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. పైపుల బదులు బాక్సు, బాక్సు అడుగును వాగు నేల కంటే కిందికి దించడం, వాగు వెడల్పుకు తగ్గ వెడల్పు, దిగువన కాంక్రీటు మెట్టు బదులు రాళ్ల వాలు. ఈ నాలుగూ ఊరి మేస్త్రీకి కూడా అర్థమవుతాయి.

మనం చేయగలిగింది

ముందు ఇక్కడి సంగతి. జర్మనీలో ఉంటున్న మనలో చాలామందికి ఓటు లేదు. అయితే నీటి విధాన చట్టం ప్రకారం నదీ ప్రణాళికల ముసాయిదాలను, అవి అమల్లోకి రావడానికి కనీసం ఏడాది ముందు ప్రచురించి, ఆరు నెలలు ప్రజల అభిప్రాయాలకు ఉంచాలి. 2027 చివరి నుంచి నడిచే కొత్త ప్రణాళికలకూ ఇదే వర్తిస్తుంది. అభిప్రాయం చెప్పడానికి పాస్‌పోర్టు రంగు అడగరు. మీ పిల్లలు సైకిలు తొక్కే దారిలో ఏ తూము దగ్గర నీళ్లు మెట్టు మీద నుంచి పడుతున్నాయో ఒక ఫొటో, ఒక మ్యాపు గుర్తు, రెండు వాక్యాలు చాలు. పిల్లలకు స్కూల్లో జర్మన్ బాగానే వస్తుంది. వాళ్ల చేతే రాయించండి. ఈ ఊరు మనదని వాళ్లకు అనిపించడానికి ఇదొక దారి.

ఇక మన ఊళ్ల సంగతి. ఏటా మన సంఘాలు, స్నేహితుల బృందాలు చందాలు పోగేసి సొంత ఊళ్లో రోడ్డుకో, శ్మశానం దారికో, చిన్న కల్వర్టుకో డబ్బు పంపుతుంటాయి. పంపే ముందు సర్పంచిని, కాంట్రాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: వాగు వెడల్పు ఎంత, మీరు వదిలే దారి ఎంత? వాగు ఆరు మీటర్లుండి, వాళ్లు మూడు అడుగుల పైపులు రెండు పెడతామంటే, ఆ డబ్బు మనం వచ్చే వరదకు ముందుగా కట్టిన చందా అవుతుంది. అదనంగా ఇంకొంచెం పోగేసి బాక్సు కల్వర్టు పెట్టించండి. దాని మీద మీ తాతగారి పేరు రాయించుకున్నా తప్పులేదు. తొలకరికి దాని కింద నుంచి పరిగెలు ఎదురెక్కితే ఆ పేరు ఊరికి ఇంకా బాగా గుర్తుంటుంది.